పొయ్యిలో ఏమీ మాడలేదు

మొన్న కళ్ళ పరీక్షకని మా మనవరాలు నన్ను గద్వాలలో ఒక దవాఖానకు తీసుకుపోయింది. చీటీ రాయించుకొస్తానని అది అటు వెళ్ళగానే నేను వరండాలో బల్ల మీద చేరగిలబడి, చుక్కల మందు ఇంకా పడలేదు కనుక ఉన్న చూపుతోనే నాలుగు దిక్కులూ పరికిస్తూ కూర్చున్నాను. ఎదురుగా గోడకు ఒక పటం తగిలించి ఉంది. మూర్ఛ ఎన్ని రకాలుగా వస్తుందో జనానికి తెలియజెప్పే పటమది. మొదటి బొమ్మలో ఒక మనిషి నేల మీద పడి కొట్టుకుంటున్నాడు, నోటి వెంట నురగ. దాన్ని చూసి పోల్చుకోలేనివాళ్ళు ఎవరూ ఉండరు. రెండో బొమ్మలో బళ్ళో కూర్చున్న పిల్లవాడు పలక పట్టుకుని ఎటో చూస్తున్నాడు. మూడో దానిలో ఒకాయన చెయ్యి ఒక్కటే అదురుతోంది, మనిషి మాత్రం తెలివిగానే ఉన్నాడు. నాలుగో బొమ్మలో ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం ఎక్కడా లేదు. తాంబూలం నములుతున్నట్టు పెదవులు కదుపుతోంది, వేళ్ళతో కొంగు అంచును పీకుతోంది. నేను లేచి వెళ్ళి ఆ బొమ్మ ముందు నిలబడిపోయాను. నర్సు నా పేరు రెండుసార్లు పిలిచిందట, నాకు వినపడలేదు. మనవరాలు వచ్చి భుజం తట్టి, ఏమైంది నాయనమ్మా అని కంగారుపడింది. ఏమని చెప్పను? ఆ బొమ్మ గీసినవాడు మా ఆడబిడ్డను ఎన్నడూ చూసి ఉండడు. అయినా ఆమెనే గీశాడు.

నా ఈడు వాళ్ళకు ఆ కాలం సంగతి వేరే చెప్పనక్కరలేదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మాది వనపర్తి పక్కన ఒక చిన్న పల్లె, నేతపని వాళ్ళం. అమ్మ నా పసితనంలోనే పోయింది, నేను అమ్మమ్మ చేతిలో పెరిగాను. ఆ ఇంట్లో ఉండేది అమ్మమ్మ, నేను, పెళ్ళి కాని మా మేనమామ. మేనమామకు మూర్ఛ ఉండేది. అందుకని ఆయనను మగ్గం గుంటలో కూర్చోనివ్వకుండా, ఉన్న కాస్త జొన్నచేను ఆయనకు అప్పజెప్పింది అమ్మమ్మ. చేలో పడితే మెత్తటి దుక్కి, మగ్గంలో పడితే చుట్టూ కర్రలు అని ఆమె ఆలోచన.

మేనమామకు వచ్చినప్పుడు చూడడానికి గుండె ధైర్యం కావాలి. మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి ఒక కేక పెట్టేవాడు, అది బాధతో పెట్టే కేక కాదు, గొంతులోంచి గాలి తోసుకొచ్చినట్టు ఉండేది. కట్టెలాగా బిగుసుకుని పడిపోయేవాడు, ఆ మీదట కాళ్ళూ చేతులూ ఒకే తీరున కొట్టుకునేవి, నురగ వచ్చేది, ఒక్కోసారి పంచె తడిసిపోయేది. కాసేపటికి అంతా సద్దుమణిగి గురక పెట్టి నిద్రపోయేవాడు, లేచాక తల పగిలిపోతోందనేవాడు, తానెక్కడ ఉన్నదీ చాలాసేపు తెలిసేది కాదు. సంతలో పడితే జనం మూగిపోయి, ఒకరు చేతిలో ఇనుప తాళంచెవి పెట్టేవారు, ఒకరు ముక్కు దగ్గర చెప్పు పట్టేవారు, ఒక మహానుభావుడైతే పళ్ళ సందున గరిటె దూర్చి ముందరి పన్ను విరగ్గొట్టాడు. అప్పటినుంచి అమ్మమ్మ ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. కొట్టుకునే చేతులను అదిమిపట్టదు, నోట్లో నీళ్ళు పోయదు. తల కింద కొంగు మడిచి పెట్టి, కొట్టుకోవడం తగ్గగానే మనిషిని ఒక పక్కకు తిప్పి, నురగ బయటికి కారిపోయేలా చూసేది. ఏ దవాఖాన గడపా తొక్కని మనిషికి అది ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇవన్నీ చూసి చూసి, పదిహేనేళ్ళు వచ్చేసరికి మూర్ఛ గురించి నాకు తెలియనిది లేదన్న నమ్మకం కుదిరిపోయింది. ఆ నమ్మకమే ఒక పిల్ల పాలిట శాపమవుతుందని ఎవరనుకున్నారు?

పదిహేనో ఏట గద్వాలకు కోడలినై వచ్చాను. అత్తగారు, మామగారు, నూలు కోసం ఎప్పుడూ ఊళ్ళు పట్టి తిరిగే మా ఆయన, పన్నెండేళ్ళ ఆడబిడ్డ. గద్వాల చీర కట్టినవాళ్ళకు తెలుసు, నడుమ భాగమంతా నూలు, అంచుకు పట్టు. ఆ రెండూ వేరువేరు పోగులు కదా, నేస్తున్నప్పుడే అంచు పోగునూ నడిమి పోగునూ ఒకదానిలో ఒకటి మెలివేసి కలుపుకుంటూ రావాలి. దాన్నే కుట్టు అంటారు. నేసేవాడు ఒక్కడే ఉంటే కుదరదు, పక్కన ఇంకొకరు కూర్చుని ప్రతి పోగుకూ ఆ మెలిక అందించాలి. మామగారి పక్కన కూర్చుని ఆ పని చేసేది మా ఆడబిడ్డ. సన్నటి వేళ్ళు, చురుకైన పిల్ల, నేను కాపురానికి వచ్చిన మూడో రోజుకే నా కొంగు పట్టుకు తిరగడం మొదలుపెట్టింది. నాకు చెల్లెళ్ళు లేరు. ఆమెకు అక్కలు లేరు. వదినా వదినా అని ఆ పిల్ల పిలుస్తుంటే పుట్టిల్లు వదిలి వచ్చిన దిగులు సగం తీరింది.

అయితే ఆ పిల్లకు పరధ్యానం ఎక్కువని ఇంట్లో ఒక పేరుండేది. మాట మధ్యలో ఆగిపోయేది. పిలిస్తే పలికేది కాదు, పది లెక్కపెట్టేలోగా మళ్ళీ ఏమీ జరగనట్టు మాటలో పడేది. మగ్గం దగ్గరా అంతే. చీర దించి పరిచి చూస్తే అంచు పొడుగునా అక్కడక్కడ రెండు మూడు పోగులు కలవకుండా విడిపోయి, వెలుతురుకు పట్టి చూస్తే సూది దూరేంత సందులు కనిపించేవి. నూలు దొరకడమే గగనమైపోయిన ఆ రోజుల్లో చీర చెడిందంటే మామగారికి ప్రాణం పోయినట్టుండేది. ధ్యాస ఎక్కడ పెట్టావని కేకలేసేవారు, ఒకటి రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నారు. నేను అన్నీ కలిపాను నాయనా, ఒక్కటి కూడా విడవలేదు అని ఆ పిల్ల ఒట్లు పెట్టుకుని ఏడ్చేది. ఆమె అబద్ధం ఆడుతోందనే మేమంతా అనుకున్నాం. ఆమె మటుకు తనకు తెలిసిన నిజమే చెప్పేది.

ఇంకొక సంగతి ఉంది, అది నా ఒక్కదానికే తెలుసు. అప్పుడప్పుడూ ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి, వదినా ఏదో మాడుతోంది అనేది. కొత్త కోడలికి అంతకంటే భయపెట్టే మాట ఇంకేముంటుంది? నేను చేతిలో పని పారేసి వంటింట్లోకి పరుగెత్తేదాన్ని. తీరా చూస్తే అన్నం అన్నంలాగే, పప్పు పప్పులాగే ఉండేవి. తిరిగి వచ్చేసరికి పిల్ల నిద్రమొహం వేసుకుని కూర్చుని ఉండేది, ఏం మాడింది అంటే నాకేం తెలుసు అనేది. నన్ను ఆటపట్టిస్తోందనుకుని నవ్వుకునేదాన్ని, పని మీద ఉంటే విసుక్కునేదాన్ని కూడా. ఆమె ఆ మాట అన్న ప్రతిసారీ నేను ఆమెను వదిలి పొయ్యి దగ్గరికి పోయాను. ఒక్కసారి, ఒక్కసారి ఆమె పక్కనే ఉండి ఉంటే ఎంత బాగుండేది!

పడుగు పోగులకు గంజి పెట్టే రోజు అది. పెద్ద బానలో గంజి కాచి పెరట్లో దించి పెట్టాం. పొగలు కక్కుతోంది. అత్తగారు వాకిట్లో పోగులు సర్దుతున్నారు. నేనూ ఆడబిడ్డా బాన దగ్గర ఉన్నాం. వదినా, ఏందో మాడినట్ల వాసనొస్తుంది అంది. లోపల రొట్టె పెనం మీదుంది. నేను పరుగెత్తాను. రొట్టె ఇంకా తిప్పేపాటి కూడా కాలలేదు. అంతలో పెరట్లోంచి అత్తగారి కేక వినపడి మళ్ళీ పరుగెత్తుకొచ్చాను. ఆ పిల్ల కుడిచెయ్యి మణికట్టు దాకా గంజిలో ఉంది. అత్తగారు లాగేశారు, ఎర్రగా కందిపోయిన ఆ చేతి మీంచి గంజి కారుతోంది, పిల్ల మొహంలో బాధ అన్నది లేదు, కన్ను చెమర్చలేదు, పెదవులు మాత్రం తాంబూలం నములుతున్నట్టు కదులుతున్నాయి, ఎడమచేతి వేళ్ళు లంగా అంచును పీకుతున్నాయి. మేము పిలిచిన పిలుపు ఆమె చెవిని పడలేదు. కొంతసేపటికి ఒక నిట్టూర్పు విడిచి, చుట్టూ చూసి, అప్పుడు తన చెయ్యి తాను చూసుకుని గొల్లుమంది. ఆ ఏడుపు నేను ఈ జన్మలో మరిచిపోలేను. అత్తగారు మాత్రం అప్పటికే రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నారు. అమ్మవారు ఒంటి మీద ఉన్నంతసేపూ కాలలేదు, అమ్మ దిగిపోయాక కాలిందని ఆమెకు తోచింది. కాగే గంజిలో చెయ్యి పెట్టి కిమ్మనకుండా నిలబడ్డ పిల్లను కళ్ళారా చూసిన తల్లికి మరొకటి తోచడం కష్టమే.

అయినా ఆమె తొందరపడలేదు. ఆ మాట నేను చెప్పి తీరాలి. చేతికి కలబంద గుజ్జు రాసి పిల్లను పడుకోబెట్టాక నన్ను పక్కకు పిలిచి అడిగారు.

"నీ మేనమామకు మూర్ఛ ఉన్నది గద, నువ్వు కండ్లార చూసినదానివి. ఇది గదేనా, చెప్పు."

పిట్ట కొంచెం కూత ఘనమన్నట్టు, నేను క్షణం ఆలోచించకుండా తీర్పు చెప్పేశాను. "గిట్ల ఉండదత్తా. మూర్ఛొస్తే మనిషి పడిపోతడు, కొట్టుకుంటడు, నురగ కక్కుతడు. ఈమె నిలబడ్డది నిలబడ్డట్టే ఉన్నది. ఇది మూర్ఛ గాదు."

ఆ ఇంట్లో నా మాటకు విలువ దొరకడం అదే మొదటిసారి. లోలోపల కాస్త పొంగిపోయాను కూడా, దాచుకోవడం దేనికి?

అప్పటినుంచి ఆ పిల్ల బతుకు మారిపోయింది. పెదవులు కదిపితే అమ్మవారు తాంబూలం వేసుకుంటోందన్నారు, వేళ్ళతో బట్ట పీకితే కొత్త చీర అడుగుతోందన్నారు. ఎప్పుడు వస్తుందో తెలియని ఆ ఘడియ కోసం ఇరుగుపొరుగులు పసుపూ కుంకుమా తెచ్చుకుని కాచుకుని కూర్చునేవారు. వచ్చిందంటే కాళ్ళకు నీళ్ళు పోసి, వానలెప్పుడు పడతాయి, కొడుకు పుడతాడా లేదా అని అడిగేవారు, ఆ పిల్ల నోట్లోంచి ఊడిపడ్డ అరమాటకు తలా ఒక అర్థం చెప్పుకునేవారు. పిల్ల తెలివికి వచ్చి చూస్తే ఒంటి నిండా పసుపు, చుట్టూ చేతులు జోడించిన పెద్దవాళ్ళు. జనం వెళ్ళిపోయాక నా ఒళ్ళో తల పెట్టుకుని, "వదినా, నేనేమన్న? నాకేం యాదికి లేదు. జర చెప్పవా?" అని భయంగా అడిగేది. నేను ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టేదాన్ని. అమ్మవారు వస్తే భయమెందుకే పిచ్చిదానా అనేదాన్ని. అత్తగారు మటుకు ఆ రోజుల్లో తల ఎత్తుకుని నడిచారు. ఆమెను తప్పుపట్టలేను. రోగమంటే బిడ్డను నలుగురి కంటా పడకుండా దాచుకోవాలి, దేవతంటే నలుగురికీ చూపించుకోవచ్చు. ఏ తల్లయినా ఏది కోరుకుంటుంది?

చివరికి ఆ ఏటి జాతరలో పిల్ల చేత గుండం తొక్కించాలని మొక్కుకున్నారు. పొడుగాటి గుంట తవ్వి, దుంగలు కాల్చి నిప్పులు పరిచి, పొద్దు పొడిచే వేళ దాని మీద నడవాలి. అమ్మవారు ఒంటి మీదుంటే గంజిలోనే కాలని చెయ్యి ఉన్నదానికి నిప్పుల మీద కాళ్ళెందుకు కాలుతాయి అన్నారు ఊరివాళ్ళు. గుండం తొక్కాక పిల్లను అమ్మవారికే విడిచిపెట్టాలి, ఇక పెళ్ళీ పేరంటం ఉండదు. మామగారు మగ్గం మీంచి తలెత్తి అందరినీ ఒకసారి చూసి మళ్ళీ పోగుల నడుమ నాడె విసిరారు.

జాతర ఇంకా పదిహేను రోజులుందనగా అమ్మమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే నేను వనపర్తి వైపు పోయాను. పోయేసరికి ఆమె లేచి తిరుగుతూనే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టెలు చేస్తున్నాం. మేనమామ వాకిట్లో కొడవలికి పిడి బిగిస్తున్నాడు. అమ్మా, ఏదో మాడుతోంది అని అక్కడినుంచే అన్నాడు. నేను అలవాటు చొప్పున పెనం వైపు వంగాను. అమ్మమ్మ పెనం వైపు చూడనైనా చూడలేదు. ఎనభై ఏళ్ళ ముసలిది పిండి చేతులతోనే లేచి వాకిట్లోకి ఉరికి, కొడుకు చేతిలోంచి కొడవలి లాగి అవతల పారేసి, భుజాలు పట్టి నేల మీద కూర్చోబెట్టింది. ఆమె అలా కూర్చోబెట్టిందో లేదో ఆయన పెదవులు నమలడం మొదలుపెట్టాయి, వేళ్ళు పంచె అంచును పీకాయి, ఆ తరవాత కేక, ఆ తరవాత నేను చిన్నప్పటినుంచీ ఎరిగిన ఆ కొట్టుకోవడం. ఎన్నేళ్ళుగానో చూశానని చెప్పుకున్నదాన్ని, నేనెప్పుడూ కేక విని పరుగెత్తి వచ్చినదాన్నే తప్ప ఆ కేకకు ముందు ఏముంటుందో చూసినదాన్ని కాను.

మేనమామ నిద్రలోకి జారుకున్నాక అమ్మమ్మను అడిగాను. ఆమె నా మొహం చూసి ఆశ్చర్యపోయింది.

"పొయ్యిల ఏం మాడ్తలేదు బిడ్డా. వానికి వచ్చేముందర గట్లనే వాసనొస్తది. ఒకోపారి వాసనొచ్చి, నోరు నమిలి, గంతటితోనే పోతది. పడనే పడడు. అది గూడ మూర్ఛనే. నీకు తెల్వదా?"

గంజి బానా, ఆ పిల్ల చెయ్యీ, వదినా ఏందో మాడినట్ల వాసనొస్తుంది అన్న ఆ గొంతూ అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు నిలబడ్డాయి. ఆమె నాకు చెప్పింది. ప్రతిసారీ చెప్పింది. నేను పొయ్యిని చూసి వచ్చాను. ఇప్పుడు ఆ పిల్ల నిప్పుల గుంట నడుమ ఉండగా ఆ వాసన వస్తే? నిప్పుల మీద నిలబడిపోయి పెదవులు కదుపుతుంటే, అమ్మవారు ఆడుతోందని ఊరంతా చేతులు జోడించి చూస్తుందే తప్ప ఒక్కరైనా లాగుతారా? మర్నాడే అమ్మమ్మ కాళ్ళకు దండం పెట్టి, బండి కట్టించుకుని వనపర్తి రోడ్డు స్టేషనులో రైలెక్కాను. కృష్ణ వంతెన మీద రైలు నెమ్మదిగా పోతుంటే నాకు ఏడుపొచ్చింది.

అత్తగారితో చెప్పడం నేను అనుకున్నదానికంటే కష్టమైంది. ఆమె అంతా విని నా వైపు తిరిగారు.

"నువ్వే గద అంటివి మూర్ఛ గాదని. అప్పుడు అడిగిన, నీ మాట మీదనే మొక్కుకున్న. ఇప్పుడు నోరెట్ల తిప్పుతవ్?"

తప్పు నాదేనత్తా, తెలియక చెప్పాను అన్నాను. తెలియనిదానివి తెలియదని చెప్పి ఉండాల్సింది అని ఆమె లేచిపోయారు. పుట్టింటికి పోయి ఏవో నేర్చుకొచ్చిందని ఇరుగుపొరుగులు ముక్కు మీద వేలేసుకున్నారు. ఇక మిగిలింది మామగారు. ఆయనతో ఎదురుపడి మాట్లాడే అలవాటు ఆ రోజుల్లో కోడళ్ళకు లేదు. నేను మగ్గం దగ్గరికి పోయి, తలుపు చాటున నిలబడి, పిల్ల మాడు వాసన అన్నప్పుడు ఒక్కసారి నాడె ఆపి దాని మొహం చూడమని మాత్రం వేడుకున్నాను.

మూడు రోజులు ఏమీ జరగలేదు. జాతర దగ్గర పడుతోంది. నాలుగో రోజు పొద్దున పని నడుస్తుండగా ఆ పిల్ల తల ఎత్తి ముక్కు ఎగబీల్చింది. వదినా, ఏదో మాడుతోంది అంది. వంటింట్లో నిజంగానే పప్పు పొయ్యి మీద ఉంది. నేను అటు పోలేదు. వెళ్ళి ఆమె వెనక కూర్చుని భుజాల మీద చేతులు వేశాను. మామగారు నాడె ఆపారు. పిల్ల కళ్ళు ఎదుటి గోడ మీద ఆగిపోయాయి, పెదవులు కదలడం మొదలైంది, వేళ్ళు మగ్గం మీది అంచును పీకుతున్నాయి. అత్తగారు పసుపు గిన్నె పట్టుకుని పరుగున వచ్చారు. మామగారు చెయ్యెత్తి ఆగమన్నారు. ఆయన పిల్ల మొహాన్ని చూడడం లేదు, ఆ వేళ్ళను చూస్తున్నారు. అవి పీకిన చోట కుట్టు విడిపోయి, సూది దూరేంత సందు పడింది.

పిల్ల మామూలుగా అయ్యి మంచినీళ్ళు అడిగింది. మామగారు మగ్గం మీది నేతబట్టంతా విప్పి పరిచారు. అటక మీంచి, చెడిపోయిందని పడేసిన చీర కూడా దించారు. అంచు వెంట వేలు పోనిస్తూ ఒక్కొక్క సందు దగ్గరా ఆగుతూ వచ్చారు. చిన్నవి కొన్ని, పెద్దవి కొన్ని. పిల్ల క్షణకాలం ఆగిపోయినప్పుడల్లా చిన్నది, ఇలా వేళ్ళతో పీకినప్పుడు పెద్దది. ఆ పిల్ల రోగమంతా ఏడాదిగా ఆయన చేతి కిందనే నేతలో పడుతూ వచ్చింది. ఆయన అత్తగారి వైపు తిరిగారు.

"అమ్మవారు దినాం నా మగ్గం మీదికొచ్చి కుట్టు విడగొట్టి పోతదా? ఇది బీమారి. ఇన్నొద్దులు పిల్లను ఉత్తగనే కొట్టిన."

ఆయన ఏడ్వడం నేను ఆ ఒక్కసారే చూశాను. పప్పు పూర్తిగా మాడిపోయి ఇల్లంతా పొగ నిండింది, ఎవరమూ లేవలేదు.

గద్వాలలో అయితే ఊరంతా చూస్తుందని, మర్నాడు మామగారూ నేనూ పిల్లను తీసుకుని వనపర్తిలో దవాఖానకు పోయాం. నాగర్‌కర్నూలు నుంచి బదిలీ మీద వచ్చిన డాక్టరు ఒకాయన ఉండేవాడు, ఉర్దూ కలిసిన తెలుగు. నాడి చూడక ముందే, ఎలా మొదలవుతుంది, నడుమ ఏం చేస్తుంది, ఎలా తేరుకుంటుంది, చూసిన మనిషే చెప్పాలి అన్నాడు. నేను చెప్పాను. మామగారు సంచిలోంచి ఆ చెడిన చీర తీసి బల్ల మీద పరిచారు. డాక్టరు దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి ఆ సందులను చాలాసేపు చూశాడు. "పడ్డోన్ని అందరు చూస్తరు. కూసున్నకాడనే పోయి వచ్చెటోళ్లను ఎవలు చూస్తరమ్మా?" అన్నాడు. మూర్ఛ ఒకే మొహంతో రాదనీ, ఒకరికి ఒళ్ళంతా కొట్టుకుంటే ఒకరికి ఒక్క చెయ్యే అదురుతుందనీ, ఒకరికి చూపు మాత్రం ఆగుతుందనీ, లేని వాసన రావడం కూడా దాని రాకేననీ చెప్పాడు. చూడడానికి నీళ్ళలా ఉన్నా నోటికి ఉప్పగా తగిలే మందు సీసా ఇచ్చి, పొయ్యి దగ్గరా బావి దగ్గరా పిల్లను ఒంటరిగా వదలొద్దన్నాడు.

పిల్ల గుండం తొక్కలేదు. అయితే మొక్కు మొక్కే కదా. జాతర రోజు పొద్దు పొడిచే వేళకు అత్తగారు తలారా స్నానం చేసి, పసుపు బట్ట కట్టుకుని, బిడ్డ బదులు తానే నిప్పుల మీదికి దిగారు. తొందరపడలేదు, ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ ఈ చివరినుంచి ఆ చివరికి నడిచారు. అమ్మవారు ఎత్తుకుని నడిపిస్తోందని జనం అన్నారు. ఇంటికొచ్చాక చూస్తే అరికాళ్ళు రెండూ బొబ్బలు. నేను కలబంద గుజ్జు రాస్తుంటే ఆమె పళ్ళ బిగువున కూర్చుని, పక్కన పడుకున్న పిల్ల కుడిచేతిని, ఆ మచ్చపడ్డ చేతిని, తన చేతిలోకి తీసుకున్నారు.

"ఇంత మండుతదని నాకు తెల్వలె. అది ఏడిస్తే నేను అమ్మకు చేతులు జోడిస్తి గని, దాని చెయ్యి పట్టుకోకపోతి."

ఆ తరవాత ఆమె నన్ను ఆ పాత మాట అని ఎన్నడూ ఎత్తిపొడవలేదు.

మందుతో రోగం పూర్తిగా పోలేదు. పిల్ల మొహం నిండా మొటిమలు వచ్చేవి, మగతగా ఉండేది, కానీ రోజూ వచ్చేది నెలకొకసారికి దిగింది. పెళ్ళి మాట రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ మామగారు ఉన్నదున్నట్టు చెప్పేశారు, వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆమె నాతోనే ఉండిపోయింది. అత్తగారూ మామగారూ పోయాక కూడా, మా ఆయన నేస్తుంటే ఆ మగ్గం పక్కన కూర్చుని కుట్టు కలిపేది, వాసన వస్తే చేతిలోని పోగు వదిలేసి, వచ్చిందొదినా అని నెమ్మదిగా చెప్పేది. నేనో, నా పిల్లల్లో ఎవరో పోయి పక్కన కూర్చునేవాళ్ళం. నా పిల్లలకు నడక వచ్చిన నాటినుంచే అది తెలుసు. ఆమె పోయి మూడేళ్ళయింది, మామూలు జ్వరంతో, నా ఒళ్ళోనే. ఆ సందులు పడ్డ చీర నా పెట్టెలో ఉంది, ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు కాలం మారింది, మారినందుకు నాకు సంతోషమే. ఆ రోజుల్లో ఒక చీరంతా చెడితే గానీ మాకు తెలియని సంగతిని ఇప్పుడు గోడ మీద నాలుగు బొమ్మలు చెప్పేస్తున్నాయి. ఆ పటం మా ఇంటి గోడకు ఆనాడు ఉండి ఉంటే ఒక పిల్ల చెయ్యి కాలేది కాదు, ఒక తల్లి కాళ్ళు కాలేవి కావు. అయితే అంతసేపు నేను అక్కడ నిలబడి ఉన్నా, ఆ పటం వైపు తలెత్తి చూసినవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు. వచ్చేవాళ్ళు వస్తున్నారు, చీటీ తీసుకుని పోయేవాళ్ళు పోతున్నారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నేను వంటింట్లో పాలు పెట్టాను. ముందు గదిలో చదువుకుంటున్న మనవరాలు, నాయనమ్మా, ఏదో మాడుతోంది అని అరిచింది. నేను చుక్కల మందుతో మసకబారిన కళ్ళతోనే గోడ పట్టుకుని గబగబా పోయి, ఆ పిల్ల భుజాలు పట్టుకుని, మొహం దగ్గరగా పెట్టి చూశాను. పెదవులు చూశాను, వేళ్ళు చూశాను. అది బిత్తరపోయి, పొయ్యి అటుంది నాయనమ్మా అంది.

పాలు మాడిపోయాయి. పోతే పోనీ.